ఫోనులో వచ్చిన వార్తను నిగ్గుతేల్చే చదువేదీ?

తాండూరు: 2023 ఏప్రిల్ 3వ తేదీ, సోమవారం. పదవ తరగతి పరీక్షలు ఆ రోజే ప్రారంభం. ఉదయం 9.30 గంటలకు తెలుగు పరీక్ష మొదలైంది. మొదలైన కొద్ది నిమిషాలకే ప్రశ్నపత్రం ఫొటో వాట్సాప్‌లో ప్రత్యక్షమైంది. అది తాండూరులోని ఒక పరీక్షా కేంద్రం నుంచి బయటపడిందని ఆ రోజే తేలిపోయింది. ఫోన్లు లోపలికి తీసుకుపోరాదన్న నిబంధన ఉన్నచోట ఫొటో తీసింది పరీక్ష రాస్తున్న పిల్లవాడు కాదనీ, వారిని కనిపెట్టి ఉండవలసిన ఉపాధ్యాయుడేననీ పోలీసులు తెలిపారు. నలుగురిని సస్పెండ్ చేశారు. కందులకు, నాపరాళ్ళకు పేరుపొందిన తాండూరు ఆ పూట మరో కారణంగా రాష్ట్రమంతటా అందరి నోళ్ళలో నానింది.

ఇప్పుడు ఆ సంగతి మళ్ళీ ఎత్తడం ఎవరినో నిందించడానికి కాదు. ఆ ఒక్క ఉదయం జిల్లాలోని తల్లిదండ్రుల ఫోన్లలోకి వచ్చిన సమాచారాన్ని విడదీసి చూస్తే, ఈనాడు బడి పిల్లలకు ఏమి నేర్పడం లేదో తెలుస్తుంది. మొదటిది, ప్రశ్నపత్రం ఫొటో. అది అసలైనదే. రెండవది, ‘పేపరు లీకయింది’ అన్న మాట. అది సగం నిజం. పిల్లలందరూ గదుల్లో కూర్చున్న తర్వాత పేపరు బయటకు పోయిందే గాని, ముందుగా ఎవరి చేతికీ రాలేదని అధికారులు వివరించారు. మూడవది, ‘ఇక పరీక్ష రద్దే’ అన్న ఊహ. అది అబద్ధం. జరిగిన పరీక్ష చెల్లింది, మిగిలినవి అనుకున్న తేదీలకే జరిగాయి. అసలు, సగం, అబద్ధం మూడూ ఒకే ఫోనులోకి, ఒకే రోజున, ఒకదాని వెనుక ఒకటి వచ్చి పడ్డాయి. మరునాటి హిందీ పరీక్షకు చదువుకోవలసిన పిల్లవాడు పుస్తకం మూసి ఫోను పట్టుకుని కూర్చుంటే, అది వాడి తప్పా? వీటిని విడదీసి చూడటం వాడికి ఎవరు నేర్పారు గనుక?

మరునాడు, ఏప్రిల్ 4న, హన్మకొండ జిల్లా కమలాపూర్‌లో హిందీ ప్రశ్నపత్రం ఫొటో కూడా ఇదే విధంగా బయటకు వచ్చింది. ఆ వ్యవహారం రాజకీయ నాయకుల అరెస్టుల దాకా పోయింది. అయితే గ్రామాలవారు గుర్తుంచుకోవలసింది మరొకటి ఉంది. ఎవరి చేతిలోని పేపరును ఫొటో తీశారో ఆ విద్యార్థిని ఐదేళ్ళపాటు డిబార్ చేశారు. హైకోర్టుకు వెళ్ళిన మీదట గాని మిగిలిన పరీక్షలు రాసే వీలు కలగలేదు. 2025 మార్చి 21న నల్గొండ జిల్లా నకిరేకల్‌లో మళ్ళీ తెలుగు పేపరే బయటకు పోయింది, మళ్ళీ ఒక విద్యార్థినిపై వేటు పడింది. ఫొటోను వందలమంది ఒకరికొకరు పంపుకున్నారు. నష్టపోయింది మాత్రం పదిహేనేళ్ళ పిల్లలు.

మూర్కి మనకు దూరం కాదు

పరీక్ష పోతే మళ్ళీ రాయవచ్చు. ప్రాణం పోతే తిరిగి రాదు. వికారాబాద్ నుంచి పర్లికి పోయే రైలు బీదర్ మీదుగానే వెళుతుంది. ఆ బీదర్ జిల్లాలోని మూర్కి గ్రామంలో 2018 జూలై 13న జరిగిన ఘోరం ఈ ప్రాంతంవారు మరచిపోదగినది కాదు.

హైదరాబాద్ నుంచి కొందరు స్నేహితులు కారులో అటు వెళ్ళారు. వారిలో ఒకరు ఖతార్ దేశస్థుడు. దారిలో ఒకచోట ఆగినప్పుడు, అక్కడ ఉన్న బడి పిల్లలకు చాక్‌లెట్లు ఇచ్చారు. అప్పటికే కొన్ని వారాలుగా ‘పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయి’ అన్న సందేశాలు ఫోన్లలో షికారు చేస్తున్నాయి. చూసినవారికి అనుమానం కలిగింది. గొడవ పడ్డారు. ఎవరో వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. స్నేహితులు భయపడి కారెక్కి బయలుదేరారు. కారు కన్న వీడియో ముందుగా మూర్కి చేరింది. ఊరివారు దారికి అడ్డం పెట్టారు. కారు బోల్తా పడింది. పోలీసులు వచ్చి అడ్డుపడ్డా జనం ఆగలేదు, పోలీసులకూ దెబ్బలు తగిలాయి. ఒక యువ ఇంజనీరు అక్కడే ప్రాణాలు కోల్పోయాడు. దాదాపు 30 మందిని అరెస్టు చేశారు. వారిలో వీడియో తీసినతను, గ్రూపు నడిపినతను కూడా ఉన్నారు.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. వీడియో నకిలీది కాదు. కారు నిజం, చాక్‌లెట్లు నిజం, పిల్లలు నిజం. అబద్ధమైనది ఆ వీడియోకు తగిలించిన ఒక్క మాటే. తాండూరు ప్రశ్నపత్రం విషయంలోనూ జరిగింది అదే. ఫొటో నిజం, దాని వెంట వచ్చిన కబురు అబద్ధం. ‘కళ్ళతో చూశాం కదా’ అని వాదించేవారు చూసింది బొమ్మను. నమ్మింది మాత్రం బొమ్మ కింద ఎవరో రాసిన మాటను. ఈ రెండింటికీ నడుమ ఉన్న సందును చూడటం నేర్పడమే ఇప్పుడు బడి చేయవలసిన పని. నకిలీ ఫొటోలను పసిగట్టే కిటుకులు ఎన్ని నేర్పినా, ఇది నేర్పకపోతే మూర్కి వంటిది మళ్ళీ జరగదన్న హామీ లేదు.

ఆ 2018 వేసవిలోనే హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఇదే వదంతికి ఒక ట్రాన్స్‌జెండర్ బలయ్యారు. మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో జూలై 1న ఐదుగురు సంచార జాతులవారిని జనం కొట్టి చంపారు. చనిపోయినవారందరూ ఆ ఊళ్ళకు కొత్తవారు. జిల్లాలో పని వెతుక్కుంటూ ఊరూరా తిరిగేవారికి, గంప నెత్తిన పెట్టుకుని సామాన్లు అమ్ముకునేవారికి కొదవ లేదు. వదంతి పుట్టిననాడు ముందుగా దెబ్బలు తినేది వారేనని వేరే చెప్పనక్కర లేదు.

గద్వాలలో ఏమి జరిగింది?

ఇవే సందేశాలు జోగులాంబ గద్వాల జిల్లాకు కూడా వచ్చాయి. అక్కడ ఒక్క ప్రాణమూ పోలేదు. అప్పటి జిల్లా పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి ముందుగానే మేలుకొనడం ఇందుకు కారణం. గ్రామానికి ఒక పోలీసును కేటాయించి, ఊరివారితో కూర్చుని మాట్లాడే ఏర్పాటు చేశారు. జనం చీకటి పడ్డాక ఆరుబయట పడుకోవడానికి జంకుతున్నారని, కొత్తవారు కనబడితే బెదురుతున్నారని ఆ పోలీసులు చెప్పినప్పుడు గాని వదంతి ఎంత లోతుకు పోయిందో తెలియలేదు. డప్పు వాయిస్తూ, పాటలు పాడుతూ, ఊరిలో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడి జనానికి నచ్చజెప్పారు. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పోలీసులు కూడా చేరారు. కరపత్రాలతో, కాగితపు ఉత్తర్వులతో కాని పని డప్పుతో అయింది.

కాగా, పోలీసు అధికారులకు బదిలీలుంటాయి. ఒక అధికారి శ్రద్ధ మీద నడిచిన పని ఆ అధికారి వెళ్ళిన తర్వాత ఎంతకాలం నిలుస్తుందన్నది ప్రతి జిల్లాలోనూ వచ్చే ప్రశ్నే. ఊరిలో స్థిరంగా ఉండేది బడి. ప్రతి ఇంటి నుంచి ఒక్కరైనా రోజూ వెళ్ళి వచ్చే చోటు కూడా అదే.

ఇంట్లో ఫోను చదివేది ఎవరు?

కరోనా కాలంలో బడులు మూతపడినప్పుడు, 2020 సెప్టెంబరు 1 నుంచి రాష్ట్రంలో టీశాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు చెప్పారు. అందాకా తండ్రి జేబులో ఉన్న ఫోను పిల్లల చేతికి వచ్చింది. బడులు తెరిచిన తర్వాత కూడా అది వెనక్కు పోలేదు. ఇప్పుడు చాలా ఇళ్ళలో ‘ఏదో వచ్చినట్టుంది, చూడరా’ అని ఫోనును అందించేది తల్లిదండ్రులు, చదివి చెప్పేది పిల్లలు. పూర్వం ఊరిలో ఉత్తరాలు చదివిపెట్టే వారుండేవారు. పోస్టుకార్డు మీద ఉన్నదే వారు చదివేవారు. పంపింది ఎవరో అందరికీ తెలిసేది. ఇప్పుడు ఎనిమిదో తరగతి పిల్లవాడు చదివిపెట్టే ఉత్తరానికి రాసిన వారి పేరు ఉండదు, తేదీ ఉండదు, ఊరు ఉండదు.

కంది ధర సంగతే తీసుకుంటే, కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 2024–25కు క్వింటాలు 7,550 రూపాయలు, 2025–26కు 8,000 రూపాయలు. పాత ఏడాది ధరల పట్టిక ఫొటో ఎవరైనా ఈ ఏడాది పంపితే, ఆ ఫొటో అబద్ధమా? కాదు. దానిని నమ్మి బండి కట్టిన రైతుకు నష్టమా? తప్పకుండా నష్టం. బేరానికి వచ్చినవాడు చూపిన పాత ఫొటోకు తల ఊపితే క్వింటాలుకు 450 రూపాయలు అక్కడే పోతాయి. ‘ఇది ఏ ఏటిది?’ అని అడిగే పిల్లవాడు ఇంట్లో ఒకడుంటే ఆ సొమ్ము ఇంట్లోనే ఉంటుంది. భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది పండించే మండలాలలో ఈ లెక్క అందరికీ తెలుసు.

ఇంతకన్న ప్రమాదకరమైనవీ వస్తున్నాయి. పి.ఎం. కిసాన్ డబ్బు పడుతుందని, ఈ ఫైలు తెరిస్తే చాలని ఏపీకే ఫైళ్ళు పంపి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేస్తున్న ముఠాల గురించి పోలీసులు పలుమార్లు హెచ్చరించారు. అవి తరచు తెలిసినవారి నంబరు నుంచే వస్తాయి. ఎందుకంటే వారి ఫోను అంతకు ముందే మోసగాళ్ళ చేతికి చిక్కి ఉంటుంది. ‘మా బావమరిది పంపాడు’ అన్నది ఇప్పుడు హామీ కాదు. డబ్బు పోయిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలన్నది తెలిసిన ఇళ్ళు ఎన్ని? ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు ఖాతా నుంచి ఖాతాకు మారిపోతుంది, పట్టుకోవడం కష్టమవుతుంది.

ఈ పని అసలు మొదలే కాలేదనడం న్యాయం కాదు. రాష్ట్ర పోలీసుల మహిళా భద్రతా విభాగం, విద్యాశాఖ కలసి 2021లో సైబర్ అంబాసిడర్ల పేరుతో ఒక కార్యక్రమం చేపట్టాయి. జిల్లాకు 50 చొప్పున 33 జిల్లాలలో 1,650 ప్రభుత్వ పాఠశాలల నుంచి, బడికి ఇద్దరేసి విద్యార్థులకు శిక్షణ ఇచ్చి, వారిచేత మిగిలిన పిల్లలకు చెప్పించాలన్నది ఉద్దేశం. ఆలోచన మంచిది. పిల్లల మాట పిల్లలు వింటారు. కాని ఆనాడు శిక్షణ పొందిన పిల్లలు ఇప్పటికి ఉన్నత పాఠశాల దాటిపోయారు. ఏటేటా కొత్తవారిని తయారు చేయనిదే ఇది ఒక సంవత్సరం ముచ్చటగానే మిగిలిపోతుంది. పైగా ఇద్దరికి నేర్పి రెండువందలమందికి చెప్పమనడం, ఒక చెంబు నీళ్ళతో చేనంతా తడపమనడం వంటిదే.

కేరళలోని కన్నూరు జిల్లాలో దారి వేరు. అక్కడ 2017లో తట్టు, రుబెల్లా టీకాలపై వాట్సాప్‌లో వచ్చిన పుకార్లకు బెదిరి చాలామంది తల్లిదండ్రులు టీకాలు వద్దన్నారు. అందులోంచి పాఠం నేర్చుకుని, అప్పటి కలెక్టరు మీర్ మహమ్మద్ అలీ 2018లో దాదాపు 150 ప్రభుత్వ పాఠశాలల్లో ‘సత్యమేవ జయతే’ పేరుతో తరగతులు పెట్టించారు. ఇద్దరిని ఎంపిక చేయడం కాదు, ముందుగా ఉపాధ్యాయులకు నేర్పి, వారిచేత తరగతి మొత్తానికి చెప్పించారు.

సంబంధం చూసినట్టు చూడాలి

ఇక ఎలా నేర్పాలన్న ప్రశ్న. కంప్యూటర్లు లేవు, ఉన్నా పనిచేయవు, కరెంటు ఉండదు అన్నది బడులలో తరచు వినిపించే జవాబు. కాని దీనికి కంప్యూటరుతో పని తక్కువ.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శామ్ వైన్‌బర్గ్ అనే ఆచార్యుడు, ఆయన సహచరులు 2017లో ఒక పరిశీలన ప్రకటించారు. 10 మంది చరిత్ర పండితులను, 25 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులను, పత్రికల్లో నిజనిర్ధారణ చేసే 10 మందిని కూర్చోబెట్టి, ఇంటర్నెట్‌లోని కొన్ని పేజీలు చూపి ‘ఇది నమ్మదగినదేనా’ అని అడిగారు. పండితులు, విద్యార్థులు ఆ పేజీనే పైనుంచి కిందికి శ్రద్ధగా చదివారు. అందమైన గుర్తును, పెద్ద పేరును చూసి చాలామంది మోసపోయారు. నిజనిర్ధారణ చేసేవారు మాత్రం ఆ పేజీని కొద్దిసేపు చూసి వదిలేశారు. దాన్ని నడిపేది ఎవరో, వారి గురించి ఇతరులు ఏమంటున్నారో వేరే చోట్ల వెతికారు. తక్కువ సమయంలో సరైన జవాబు చెప్పింది వారే.

ఇది స్టాన్‌ఫర్డ్ దాకా పోయి నేర్చుకోవలసిన విద్య కాదు. పిల్లకు సంబంధం చూసేటప్పుడు మన పెద్దలు చేసేది ఇదే. పెళ్ళికొడుకును ‘నువ్వు మంచివాడివేనా’ అని ఎవరూ అడగరు. ఆ ఊరికి పోయి, హోటల్లో చాయ్ తాగుతూ, పక్కింటివారిని, పొలం సరిహద్దు రైతును అడుగుతారు. ఇల్లు పెద్దదా, బట్టలు తెల్లవా అన్నది తర్వాతి మాట. ఫోనులో వచ్చిన కబురును ఆ కబురులోనే పడి వెతికితే లాభం లేదు, దాని పక్కింటిని అడగాలి. ఇలా చెబితే ఆరో తరగతి పిల్లలకు కూడా అర్థమవుతుంది.

నల్లబల్ల మీద రోజుకు ఒక సందేశం రాస్తే చాలు. ఎవరు చెప్పారు, ఎప్పటిది, ఎక్కడిది అని పిల్లలచేతనే అడిగించాలి. ఎవరు పంపారన్నది వేరు, ఎవరు చెప్పారన్నది వేరు అని మొదటిరోజే చెప్పాలి. సందేశం పైన రెండు బాణాల గుర్తు ఉంటే, అది ఎన్నో చేతులు మారి వచ్చిందని వాట్సాప్ కంపెనీయే చెబుతున్నట్టు లెక్క. 2018 దుర్ఘటనల తర్వాతే మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి లేదా ఐదు గ్రూపులకు మించి పంపరాదని ఆ కంపెనీ కట్టడి చేసింది. 2020 ఏప్రిల్ నుంచి, చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్కరికే పంపవచ్చు. తప్పుడు వార్తలను పరుగెత్తించేది యంత్రాలేనని కొందరి అభిప్రాయం. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు ట్విటర్‌లో తిరిగిన 1,26,000 కబుర్లను పరిశీలించి 2018లో ప్రకటించిన ఫలితం వేరుగా ఉంది. నిజం కన్న అబద్ధాన్ని ఇతరులకు పంపే అవకాశం 70 శాతం ఎక్కువ. పంపింది ఎక్కువగా మనుషులే. కొత్తగా, వింతగా ఉన్నదాన్ని ముందుగా తామే చెప్పాలన్న ఉబలాటమే ఇందుకు కారణంగా కనబడుతున్నది. రచ్చబండ దగ్గర కూర్చునేవారికి ఈ ఉబలాటం కొత్త కాదు.

ఊరి తగాదా బడిలోకి వస్తే?

పరిశీలనకు పాఠ్యాంశం కావాలంటే జిల్లాలోనే ఉంది. పూడూరు మండలం దామగుండం అడవిలో నౌకాదళం వి.ఎల్.ఎఫ్. కేంద్రానికి 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. దాదాపు 2,900 ఎకరాల అడవి ఇందుకు పోతుంది. నీటి అడుగున ఉండే జలాంతర్గాములకు కబురు అందించే కేంద్రమది. ఆ రోజుల్లో ఫోన్లలో రెండు వైపుల నుంచీ లెక్కలు కురిశాయి. 12 లక్షల చెట్లు పోతాయని ఉద్యమకారులు, అంతకు చాలా తక్కువని అధికారులు. తరంగాలతో జబ్బులు వస్తాయని ఒకరు, ఏమీ కాదని ఒకరు.

ఎవరిది ఒప్పో తీర్పు చెప్పడం బడి పని కాదు. కాని పదో తరగతి పిల్లలు అడగదగిన ప్రశ్నలు ఎన్నో ఉన్నాయి. చెట్లను లెక్కపెట్టింది ఎవరు? మొక్కలను, పొదలను కూడా కలిపారా? ఇటువంటి కేంద్రం తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర 1990 నుంచి పనిచేస్తున్నది కదా, అక్కడి ఊళ్ళ సంగతి ఏమిటి? ఆ తరంగాల పౌనఃపున్యం 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. భౌతికశాస్త్రం పుస్తకంలోని పాఠం దీని గురించి ఏమంటుంది? ఎక్స్‌రే కిరణాలకూ దీనికీ భేదం ఏమిటి? అడవి పోవడం వల్ల మూసీ పుట్టే ఈ ప్రాంతపు నీటికి ఏమవుతుందన్నది తరంగాల ప్రశ్నకన్న వేరు కాదా? రెండు ప్రశ్నలను ఒకటిగా కలిపి అరిచే సందేశాలను పిల్లలు విడదీయగలిగితే, గ్రామసభలో పెద్దలకు కూడా అది ఉపకరిస్తుంది.

ఉపాధ్యాయులు ఇటువంటి విషయాల జోలికి పోవడానికి సంకోచిస్తారు. పై అధికారి ఏమంటాడో, ఊరి నాయకుడు ఏమంటాడో అన్న భయం ఉండనే ఉంది. ఈ భయం తీర్చకుండా ‘పిల్లలకు విమర్శనాత్మకంగా ఆలోచించడం నేర్పండి’ అని ఉత్తర్వులు ఇవ్వడం సులభమే.

కంచ గచ్చిబౌలి 400 ఎకరాల వివాదం మరో రకం హెచ్చరిక. 2025 వసంతంలో అక్కడ చెట్లు కొట్టినప్పుడు, కృత్రిమ మేధతో చేసిన జింకల, నెమళ్ళ బొమ్మలు విరివిగా తిరిగాయి. ప్రభుత్వం వాటిపై కేసులు పెట్టింది. బొమ్మలు కల్పితమని తేలినంత మాత్రాన చెట్లు కొట్టడం కల్పితమైపోదు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనులను నిలిపివేసింది. నకిలీ బొమ్మ పట్టుబడితే మొత్తం విషయమే అబద్ధమని కొట్టిపారేసేవారు, నకిలీని నమ్మినవారంత తప్పే చేస్తున్నారు.

నమ్మడం, పంపడం ఒకటైతే, వాడుకోవడం మరొకటి. ప్రాజెక్టు పని ఇస్తే నెట్‌లో ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాసుకురావడం బడులలో మామూలైపోయింది. ఇప్పుడు కృత్రిమ మేధను అడిగితే క్షణంలో రెండు పేజీలు వస్తాయి. తప్పును కూడా తడబాటు లేకుండా చెప్పడం దాని లక్షణం. దీనికి విరుగుడు నిషేధం కాదు. పిల్లలచేత తమ సొంత ఊరి గురించే దానిని అడిగించాలి. తమ ఊరి చెరువు ఎవరు తవ్వించారు, కోట్‌పల్లి ప్రాజెక్టు ఏ వాగు మీద ఉంది, కాగ్నా ఎటు పారుతుంది అని. వచ్చిన జవాబును తాతను, పంచాయతీ కాగితాన్ని, పాఠ్యపుస్తకాన్ని అడిగి దిద్దించాలి. ఎక్కడ తప్పిందో ఎర్ర సిరాతో గీయించాలి. అన్నీ తెలుసనుకున్న యంత్రం తమ ఊరి దగ్గర తడబడటం ఒకసారి చూసిన పిల్లవాడు, ఢిల్లీ గురించి అది చెప్పినా ఒకటికి రెండుసార్లు చూస్తాడు. ఎక్కడి నుంచి తీసుకున్నారో కింద రాయని ప్రాజెక్టుకు మార్కులు వేయరాదన్న చిన్న కట్టుబాటు ఏ బడి అయినా రేపే పెట్టుకోవచ్చు. దానికి నిధులు అక్కరలేదు.

తోటి పిల్లల ఫొటోలు అడగకుండా పెట్టడం, ఆడపిల్లల బొమ్మలను మార్చి పంచడం కూడా ఈ పాఠంలో చేరవలసినవే. అటువంటివి బయటపడినప్పుడు చాలా ఇళ్ళలో శిక్ష పడేది అమ్మాయికే, ఆమె చదువు మాన్పించడమే. ఫొటో మార్చినవాడు మరునాడు యథాప్రకారం బడికి వస్తాడు.

తాండూరు ప్రాంతానికి మరో చిక్కు ఉంది. సరిహద్దు మండలం బషీరాబాద్‌లోనైనా, తాండూరు పట్టణంలోనైనా తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ వినబడతాయి. వదంతి ఈ మూడు భాషల్లోనూ గొంతు సందేశమై వస్తుంది. అక్షరం రాని ముసలమ్మకు కూడా చేరుతుంది. దాన్ని ఖండించే ప్రకటన చాలాసార్లు ఇంగ్లీషులో, మరునాటి సాయంత్రం వస్తుంది. 2019 చివర కేంద్ర ప్రభుత్వ పి.ఐ.బి., 2020 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం నిజనిర్ధారణ విభాగాలు తెరిచాయి. హైదరాబాద్ కేంద్రంగా ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలు తెలుగులోనూ పనిచేస్తున్నాయి. అవి చెప్పింది పెద్దేముల్, యాలాల పల్లెలదాకా మోసుకుపోయేవారు మాత్రం కరువు. మూడు భాషలూ ఇంట్లో, వీధిలో మాట్లాడే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉన్నారు. ఉదయం ప్రార్థన తర్వాత వార్తలు చదివించే అలవాటు చాలా బడులలో ఉన్నదే. ఆ వార్తల చివర, ‘నిన్న ఫోన్లలో తిరిగినది, నిజం కానిది’ అని ఒక్కటి మూడు భాషల్లో చదివించడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ పిల్లలు సాయంత్రం ఇంటికి పోయి చెబుతారు. ఇంగ్లీషు ఖండన ఊరికి చేరేలోగా ఊరిలో నలుగురికి సంగతి తెలిసిపోతుంది.